ఏడో కన్నం

పట్టీలకి మువ్వలు అతికించినందుకు
మూడొందలు ఇవ్వాలి తవిటినాయుడు.
ఇవ్వలేదు. తడి గోనెగుడ్డలో చుట్టి
ఆరు వేళ్ల గుత్తులు తెచ్చి నా కుంపటి పక్కన పెట్టాడు.
ఎండిన ఎండ్రకాయల్లా ఉన్నాయి, కాళ్లన్నీ కిందికి.

"ఆస్పరాగస్ మేస్త్రీ. మా వైజాగ్ హోటల్లో
ప్లేటుకి నాలుగు కాడలేసి నాలుగొందలు రాత్తాం.
పాతీ. మూడేళ్లు మాత్రం కొయ్యకు."

మూడేళ్లు!
నరసన్నపేటలో నగకి మూడు రోజులు ఆగేవాళ్లే లేరిప్పుడు.
ఎదురుగా అద్దాల షాపులో
అచ్చుపోసిన హారం తీసుకుని ఆటో ఎక్కేస్తున్నారు.
అందుకని నా దగ్గర టైముంది.

కొట్టు వెనక, బాత్రూం గోడకీ కరివేపచెట్టుకీ మధ్య
మోకాలి లోతు గాడి తవ్వాను.
వంశధార ఇసుక రెండు బస్తాలు, మాగిన పెంట,
పైన కుంపటి బూడిద.
ఆ బూడిదలో రవ్వంత బంగారం పోయే ఉంటుంది.
నలభై ఏళ్లుగా చిటికెడు వదలకుండా కడిగినవాణ్ణి,
ఆ ఒక్కసారి కడగలేదు.

పందొమ్మిదో రోజున మొదటిది లేచింది.
"ఇది కాడేటి? కనురెప్ప ఎంట్రుక" అంది కామాక్షి.
పదిరోజుల్లో అది విచ్చుకుని
పచ్చటి పొగ అయి నిలబడింది.

సీతంపేట కొండమీంచి వేళ్లు అమ్మడానికొచ్చే ఆవిడ
గోడమీంచి తొంగిచూసి "పిల్లితేగలే బావూ" అంది.
లోపలికొచ్చి, ఓ పోగు తుంపి, నలిపి, వాసన చూసి
"కాదు. దానికి సుట్టం" అని తేల్చింది.
"మేం ఏరు తింతాం. మీరు మొలక తింతారా?"
ఆ నవ్వు వీధి చివరిదాకా వినబడింది.

ఇది చలిదేశపు మొక్కట. ఏడాదికోసారి నిద్రపోవాలట.
మాకు చలెక్కడిది?
పుష్యమాసంలో కూడా టీ చల్లారేలోగా మంచు పోతుంది.
"సలి లేకపోతే దాహం పెట్టు మేస్త్రీ,
రెండు నెల్లు నీళ్లు మానీ" అన్నాడు ఫోన్లో.

బంగారాన్ని కాల్చాను, కొట్టాను,
ఆసిడ్లో ముంచాను. ఏనాడూ జాలిపడలేదు.
ఈ పొగ పసుపెక్కి వాలిపోతుంటే
పెరట్లోకి వెళ్లడం మానేశాను.

కామాక్షి మానలేదు.
ఒక తెల్లవారి చూశాను, చివరి మొక్క మొదట్లో ఇసుక తడిసి ఉంది,
బియ్యం కడుగు తెల్లగా ఇంకుతోంది.
నేనేమీ అనలేదు.
"ఇంటికొచ్చినదాన్ని ఎండబెడతారా ఎక్కడైనా"
అని ఆమే, గిన్నె తోముతూ, గోడతో అంది.

రెండో ఏడు తుఫానుకి గాడి నిండి
రెండు గుత్తులు కుళ్లిపోయాయి. వాటి గురించి మేం మాట్లాడుకోలేదు.

మూడో ఏడు, శివరాత్రి వెళ్లాక నీళ్లు పెట్టాను.
ఎనిమిదో రోజు పొద్దున ఇసుక పగిలి
ఊదారంగు ముక్కొకటి.
పెన్సిలు కన్నా సన్నమైతే కొయ్యకూడదు.
మేకుకి వేలాడుతున్న కమ్మచ్చు దించి, బూజు దులిపి,
పెన్సిలు పట్టే ఏడో కన్నం దాని తలమీద పెట్టాను.
పట్టలేదు.
కన్నంలో దూరనిదాన్ని చూసి సంతోషపడడం
జన్మలో అదే మొదలు.

మొత్తం తొమ్మిది కాడలు.
ఆవపెట్టి వండింది.
కాస్త తేగ రుచి, కాస్త పచ్చి వేరుశనగ,
చివర్న ఏదో తడి ఇసుక లాంటిది.
అన్నం మారు వడ్డించేలోగా అయిపోయింది.
"మూడేళ్లకి ఇంతేనా?" అంది, వేలు నాకుతూ.
ఖాతా పుస్తకం తీసి తవిటినాయుడి పేరు పక్కన
చెల్లు అని రాశాను.

ఆమె కడుగు పోసిన మొక్క మాత్రం నిద్రపోలేదు కదా,
దాని కాడలన్నీ కన్నంలోంచి జారిపోయాయి.
దాన్ని కొయ్యనివ్వలేదు.
వానలు వెనకబట్టాక అదొక్కటే
ఎర్రగా, గుండ్రంగా, కాయలు కాసింది.

అచ్చం గురిగింజల్లాగే ఉన్నాయని త్రాసులో వేశాను.
గురిగింజకీ గురిగింజకీ తేడా ఉండదని
చిన్నప్పుడు మా నాన్న నేర్పాడు.
ఇవి ఒకటి లేస్తే ఒకటి దిగుతోంది.
బాట్లు పక్కన పెట్టి, కాయ మీద కాయ మార్చి వేస్తూ
చాలాసేపు కూర్చున్నాను.
బేరం ఏదీ రాలేదు.